ఖమ్మం టీకా గొడవ: తప్పు టీకాదా, వేసిన తీరుదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అమ్మాయికి పదకొండేళ్ళు, పిల్లల డాక్టరు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే టీకా, వేయించమన్నారు. మీ మావయ్యగారేమో "ఖమ్మంలో ఆ టీకాతోనే ఏడుగురు ఆడపిల్లలు పోయారు, అప్పుడు కూడా ఇదంతా సైన్సే అన్నారు" అని అడ్డుపడుతున్నారు. పదవుల్లో ఉన్నవాళ్ళు ఏదైనా "శాస్త్రీయంగా రుజువైంది" అంటే నమ్మాలా వద్దా, నమ్మాలంటే ఏం చూసి నమ్మాలి అని అడిగారు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు ప్రభుత్వ డాక్టరుగా చేశాను, అందులో తొమ్మిదేళ్ళు ఏజెన్సీలో. చివరి ఏళ్ళలో ఒక ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాను, అంటే మనుషుల మీద చేసే పరిశోధనలకి ముందుగా కాగితాలు చూసి సరే, కాదు అనే కమిటీ. ఖమ్మంలో ఆ ప్రాజెక్టు నడిచినప్పుడు నేను ఆ జిల్లాలో లేను, కాబట్టి చూసొచ్చినట్టు చెప్పను, రికార్డులో ఉన్నదే చెప్తాను.

ముందు జవాబు చెప్పేస్తాను, వేయించండి. మీ మావయ్యగారు చెప్పిన దాంట్లో సగం తప్పు, సగం నిజం. ఆ నిజం సగాన్ని మా డాక్టర్లు గట్టిగా ఒప్పుకోరు, అందుకే ఆయన తప్పు సగాన్ని కూడా వదలడం లేదు.

జరిగింది ఇదీ. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లో వడోదర జిల్లాలో ఇంకో 10 వేల మందికి. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, మన ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి), రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖమ్మంలో వేసింది మెర్క్ కంపెనీ గార్డసిల్, వడోదరలో జీఎస్‌కే కంపెనీ సెర్వారిక్స్. రెండు కంపెనీలూ టీకాలు ఉచితంగా ఇచ్చాయి. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి హాస్టళ్ళలో పిల్లలతో మాట్లాడి వచ్చాక గొడవ బయటికొచ్చింది, ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది.

ఇక చావుల సంగతి. రెండు జిల్లాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు ఖమ్మం వాళ్ళు. ఇది నిజం. ఎలా చనిపోయారో చూడండి. ఒకమ్మాయి నీళ్ళలో మునిగి, ఒకమ్మాయి పాము కాటుకి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకమ్మాయి మలేరియా ముదిరి. మిగిలిన ఇద్దరి విషయంలోనే కారణం తేటగా లేదు, ఒకరికి తీవ్రమైన జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం అని అనుమానం. ఆ రెండింటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదన్నంత తక్కువని కేంద్రం వేసిన విచారణ కమిటీ తేల్చింది. పాము కాటుకి టీకా కారణం కాదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. కానీ "టీకా వేసుకున్న ఏడుగురు మృతి" అని హెడ్డింగు పెట్టిన పేపరు అబద్ధం రాసినట్టు కూడా కాదు, చూశారా, ప్రతి మాటా నిజమే, కలిపి చదివితే అబద్ధం.

అయితే "చావులు టీకా వల్ల కాదు" అని అంత ధీమాగా, వెంటనే, జనం నమ్మేలా ప్రభుత్వం ఎందుకు చెప్పలేకపోయింది? అసలు విషయం ఇక్కడే ఉంది. ఏజెన్సీలో పది పన్నెండేళ్ళ పిల్లలు మామూలు రోజుల్లో కూడా చనిపోతారండి, మలేరియా ఉంది, బావులున్నాయి, పాములున్నాయి. 24 వేల మంది పిల్లల్ని ఎవరిని ఎక్కడ గమనించినా నెలలు గడిచే కొద్దీ కొందరు పోతారు. టీకా వేయని అదే వయసు పిల్లల్లో ఎంతమంది పోతున్నారో పక్కన లెక్క ఉంటే రెండూ పోల్చి ఒక్క రోజులో తేల్చేయొచ్చు. ఆ లెక్క లేదు. టీకా తర్వాత ఇబ్బందులొస్తే నమోదు చేసే ఏర్పాటు కూడా నామమాత్రంగా ఉందని తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం తిట్టిపోసింది. పైగా హాస్టల్లో టీకా వేశారు, పిల్ల పండక్కి ఊరెళ్ళింది, అక్కడ జ్వరమొచ్చింది, తల్లికి టీకా వేసిన సంగతే తెలీదు, ఇక ఎవరికి చెప్తుంది? అంగీకారం అడగకపోవడం అన్యాయం అన్నది ఒక పక్క, దానివల్ల రుజువే కుంటిదైపోయింది అన్నది ఇంకో పక్క. ఈ రెండో సంగతి మా వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు.

ఇక మీ మావయ్యగారి నిజం సగం. స్థాయీ సంఘం తన 72వ నివేదికని 2013 ఆగస్టులో ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించి చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. ఆ 2,763 అన్న అంకె దగ్గర ఒక నిమిషం ఆగండి. అంతమంది పిల్లల తల్లిదండ్రుల్ని ఎవరూ అడగలేదు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు. వార్డెన్ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరైనా చెప్తారు, పైనుంచి కాగితం వస్తే "నేను పిల్లల తల్లిని కాదు, సంతకం పెట్టను" అనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ సంతకం అంగీకారం కాదు, హాజరు పట్టీ.

నేను కూడా ఇలాంటి పని చేసినదాన్నే కాబట్టి కోపంగా రాయడానికి నాకు మొహం చాలదు. నా సర్వీసు మొదట్లో కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లకి టార్గెట్లుండేవి. మార్చి నెల వచ్చిందంటే జీపుల్లో ఆడవాళ్ళని తోలుకొచ్చేవాళ్ళు. క్యాంపు రోజు పొద్దున్నే అంగీకార పత్రాల కట్ట నా బల్ల మీద ఉండేది, వేలిముద్రలు ముందే పడి ఉండేవి, కొన్నిటి మీద పేరు కూడా ఉండేది కాదు, నేను కింద సంతకాలు గీకేసేదాన్ని. ఒకసారి ఒక కోయ ఆయన భార్యని తీసుకొచ్చి, వేలు పెట్టే ముందు "అందులో ఏం రాసుందో చదువు డాక్టరమ్మా" అన్నాడు. చదవడం మొదలుపెట్టాను. "శస్త్రచికిత్సానంతరము సంభవించు ఉపద్రవములకు" అన్నచోట ఆగిపోయాను, ఆయనకి ఎలా విడమర్చాలో తెలియలేదు, నిజం చెప్పాలంటే ఆ కాగితం నేను అంతకు ముందు ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. ఆయన నా మొహం చూసి "నీకే తెలవదా" అని నవ్వి భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు లెక్కలో ఒకటి తగ్గిందని నాకు చీవాట్లు పడ్డాయి. ఆ ఆపరేషన్ మంచిదే, నేను బాగానే చేసేదాన్ని, ఎవరికీ ఏమీ కాలేదు కూడా. అయినా ఆయన వెళ్ళిపోవడమే సరైన పని అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఖమ్మంలో ఇంకో తమాషా ఉంది, అది పేరుతో ఆడిన ఆట. దీన్ని "ప్రయోగం" అనలేదు. "ప్రదర్శన ప్రాజెక్టు" అన్నారు, లైసెన్సు వచ్చిన టీకాని వేసి ఎలా నడుస్తుందో చూసే పరిశీలన అన్నారు. ప్రయోగం అంటే కఠినమైన నియమాలున్నాయి, పాల్గొన్నవాళ్ళకి బీమా చేయాలి, హాని జరిగితే పరిహారం ఇవ్వాలి, ప్రతి చావునీ గడువులోపు రిపోర్టు చేయాలి. పరిశీలన అంటే అవేం లేవన్నట్టు నడుచుకున్నారు. పేరేదైనా ఇది ప్రయోగమే, నియమాలు పాటించాల్సిందే అని పార్లమెంటు సంఘం తేల్చింది. ఈ పేర్ల ఆట మనకేమీ కొత్త కాదు లెండి, హైదరాబాద్‌లో మృగశిర కార్తెకి ఇచ్చే చేప మందు హేతువాదులు కోర్టుకెళ్ళాక ప్రసాదం అయిపోయింది, మందైతే రుజువు అడుగుతారు, ప్రసాదమైతే ఎవరు అడుగుతారు? మధ్యలో ప్రభుత్వ శాఖలు మాత్రం ఎప్పట్లాగే కొర్రమీను పిల్లలు తెప్పిస్తాయి, క్యూలు కట్టిస్తాయి. ఎవరైనా ఒక పనికి పేరు మార్చారంటే, ఏ నియమం తప్పించుకోవడానికి మార్చారు అని నేను ముందు చూస్తాను.

ఇంకొకటి, పాత్‌తో ఐసీఎంఆర్ ఒప్పందం 2007 ఫిబ్రవరిలో కుదిరింది. టీకాకి మన దేశంలో లైసెన్సు వచ్చింది 2008లో. అంటే దేశానికి ఈ టీకా కావాలో వద్దో సలహా చెప్పాల్సిన సంస్థ, ఇంకా అనుమతే రాని టీకాని ఎలా ప్రవేశపెట్టాలో మాట్లాడుకుంది. అందులో లంచం ఉందని నేననడం లేదు, అలాంటి ఆధారమేదీ నేను చూడలేదు. కానీ పెళ్ళి చూపులకి వెళ్ళకముందే శుభలేఖలు అచ్చేయించినట్టు ఉంటుంది కదా? ఆ తర్వాత నువ్వు ఎంత న్యాయంగా "అమ్మాయి మంచిది" అన్నా వినేవాడికి అనుమానం పోదు. చివరికి విచారణ కమిటీ సభ్యుల దగ్గర కూడా, మీకు ఈ కంపెనీలతో ఏమైనా లావాదేవీలున్నాయా అని రాతపూర్వకంగా తీసుకోలేదని పార్లమెంటు సంఘం ఎత్తి చూపింది. ఆ ఒక్క కాగితం తీసుకుని ఉంటే, చావుల మీద ఆ కమిటీ చెప్పిన మాటకి విలువ ఉండేది. చెప్పింది సరైన మాటే, అయినా చెప్పినవాళ్ళ మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు దీని ఖరీదు చూద్దాం. నేను పనిచేసిన చోట గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అంటే ఎలా వచ్చేదో చెప్తాను, కొంచెం కష్టంగా ఉంటుంది. నలభై ఐదేళ్ళ ఆవిడ, "తెల్లబట్ట అవుతోంది" అంటుంది. రెండేళ్ళుగా ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు వాడుతుంటుంది. గదిలోకి వస్తుండగానే వాసన తెలిసిపోతుంది, పరీక్ష చేయక ముందే మాకు తెలిసిపోతుంది. మొగుడు బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు, హైదరాబాద్ వెళ్ళాలి అంటే ఎన్ని రోజులు పని పోతుందని అడుగుతాడు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 23 వేల మందికి ఈ జబ్బు వస్తోంది, 77 వేల మంది దీనితో పోతున్నారు. ఇందులో పదింట ఏడు కేసులకి కారణమైన 16, 18 అనే నంబర్లున్న రెండు రకాల హెచ్‌పీవీ వైరస్‌ల మీద ఈ టీకా పనిచేస్తుంది.

పనిచేస్తుంది అంటే ఎంత అంటారా? ఆస్ట్రేలియా 2007లో మొదలుపెట్టింది. ఆఫ్రికాలో రువాండా, మనకంటే ఎంతో చిన్న దేశం, పేద దేశం, 2011లో దేశమంతా మొదలుపెట్టి పదిలో తొమ్మిది మందికి పైగా పిల్లలకి వేసేసింది. స్వీడన్‌లో 2020లో వచ్చిన లెక్కల్లో, పదిహేడేళ్ళ లోపు టీకా వేసుకున్నవాళ్ళకి క్యాన్సర్ ముప్పు 88 శాతం తక్కువ. స్కాట్లాండ్‌లో 2008 నుంచి బళ్ళలో వేస్తున్నారు, పన్నెండు పదమూడేళ్ళకి పూర్తిగా వేసుకున్న ఆడవాళ్ళలో ఒక్క కేసు కూడా కనబడలేదని 2024లో ప్రచురించారు. మనదగ్గర 2010లో ఆగిన బండి కొంతైనా కదలడానికి చాలా ఏళ్ళు పట్టింది. పంజాబ్‌లో రెండు జిల్లాలు, 2018లో సిక్కిం, ఇలా కొన్నిచోట్లే. టీకాల మీద కేంద్రానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం మళ్ళీ గట్టిగా సిఫారసు చేసింది 2022లో. ఖమ్మంలో అప్పుడు పన్నెండేళ్ళున్న పిల్లలకి అప్పటికి పాతికేళ్ళు, వాళ్ళ చెల్లెళ్ళు, ఎదురింటి పిల్లలు టీకా వయసు దాటిపోయారు.

వార్డెన్ల చేత సంతకాలు పెట్టించినవాళ్ళు నెల రోజులు ఆదా చేసుకున్నామనుకుని ఉంటారు. పోయింది పన్నెండేళ్ళు.

ఈ కథలో దేవుడు ఆడుకున్నట్టు అనిపించే సంగతి ఒకటుంది, చాలామందికి తెలీదు. అదే సమయంలో మన దేశంలోనే తొమ్మిది చోట్ల ఇంకో అధ్యయనం నడుస్తోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చేస్తున్నది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అని చూడటం వాళ్ళ ఉద్దేశం. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం అన్నీ ఆపమనేసరికి అది కూడా ఆగిపోయింది, సుమారు 5 వేల మంది పిల్లలకి ఒక్క డోసే పడి ఉంది. పరిశోధకులు ఏం చేశారంటే, టీకా ఆగినా పిల్లల్ని వదలకుండా పదేళ్ళు వెంటబడి చూశారు. ఒక్క డోసు వేసుకున్నవాళ్ళలో కూడా ఆ రెండు రకాల వైరస్ పాతుకుపోకుండా 95 శాతం దాకా రక్షణ ఉందని, మూడు డోసుల వాళ్ళతో దాదాపు సమానమని 2021లో ప్రచురించారు. అయితే ఇది అనుకోకుండా జరిగింది, లాటరీ తీసి గుంపులు చేసినది కాదు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని అందరికీ ఒక డోసు చాలనేయలేదు. కెన్యాలో పద్ధతిగా లాటరీ తీసి చేసిన ప్రయోగంలో కూడా 2022లో అదే మాట వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో డబ్ల్యూహెచ్‌ఓ ఒక్క డోసు వేసినా సరే అంది. మన పిల్లల ద్వారా వచ్చిన రుజువు కూడా తోడై చాలా దేశాలు ఖర్చు తగ్గించుకున్నాయి. వెంటబడి పదేళ్ళు చూడటం అన్నానే, పరిశోధనలో నిజాయితీ అంటే నాకు గుర్తొచ్చేది అదే. పేపర్లలో ఫొటోలు రాని పని.

రెండో పక్కని కూడా అనకుండా వదలను. హాస్టళ్ళకి వెళ్ళి పిల్లలతో మాట్లాడి, సంతకాల మోసం బయటపెట్టినవాళ్ళు చేసింది చాలా మంచి పని, వాళ్ళు లేకపోతే ఆ 2,763 అంకె ఎవరికీ తెలిసేది కాదు. కానీ అంగీకారం తీసుకోలేదన్న గట్టి నిజం చేతిలో ఉండగా, టీకా చంపేసిందన్న బలహీనమైన మాటని కూడా దానికి తగిలించి ఏళ్ళ తరబడి తిప్పినవాళ్ళున్నారు. విచారణలో కారణాలు బయటికొచ్చాక కూడా మానలేదు. వాట్సాప్‌లో మీ మావయ్యగారికి వచ్చింది అదే. మన మీద నమ్మకం పెట్టుకున్న జనానికి సగం తెలిసిన సంగతి పూర్తిగా తెలిసినట్టు చెప్పడం అధికారులు చేస్తే ఎంత తప్పో ఉద్యమకారులు చేస్తే కూడా అంతే తప్పు.

దీనికి తలకిందులుగా ఉండే కేసు మనకి 2021 మేలో దొరికింది, నెల్లూరు జిల్లా కృష్ణపట్నం. కోవిడ్‌కని ఆనందయ్య అనే ఆయన ఇచ్చిన నాటు మందు. ఆయన డబ్బు తీసుకోలేదు, వేల మంది వస్తే ఓపికగా ఇచ్చాడు, ఆయన మంచితనం మీద నాకేం అనుమానం లేదు. ఖమ్మంలో టీకా పనిచేస్తుందన్న రుజువు బాగుంది, మనుషుల తీరు బాలేదు. ఇక్కడ మనిషి మంచివాడు, రుజువు లేదు. జనం మంచితనాన్నే రుజువు అనుకున్నారు. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని చెప్పిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారి వీడియో ఎంత తిరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది, ఆయన కొన్ని రోజులకే పోయారు, ఆ వార్త మాత్రం అంతగా తిరగలేదు. ఆ రోజుల్లోనే మందు తీసుకున్నవాళ్ళకి ఆయుర్వేద వైద్యుల చేత ఫోన్లు చేయించి ఎలా ఉందని కనుక్కున్నారు. ఇది సర్వేనా అండి? పోయినవాళ్ళు ఫోన్ ఎత్తరు. బతికున్నవాళ్ళలో ఎక్కువమంది ఏ మందూ లేకుండా కూడా కోలుకునేవాళ్ళే. మే నెలాఖరుకి రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి పచ్చజెండా ఊపింది, హాని లేదు అన్న మాటతో. హాని లేదు అన్నదానికీ పనిచేస్తుంది అన్నదానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ రోజు ఏ పార్టీ నాయకుడూ జనానికి చెప్పలేదు, ఎందుకంటే చెబితే ఓట్లు పోతాయి. మా చుట్టాల్లోనే ఒకరు ఆక్సిజన్ పడిపోతుంటే మూడు రోజులు ఆ మందు కోసం ఆగారు. బతికారు, కానీ ఆ మూడు రోజులు నాకు నిద్ర లేదు.

కోవాక్సిన్ సంగతి చెప్పకపోతే నేను పక్షపాతం చూపించినట్టవుతుంది, మన హైదరాబాద్ టీకా కదా. 2020 జూలై 2న ఐసీఎంఆర్ నుంచి ప్రయోగం చేయాల్సిన ఆసుపత్రులకి ఉత్తరం వెళ్ళింది, అందులో మన నిమ్స్, విశాఖ కేజీహెచ్ కూడా ఉన్నాయి. ఆగస్టు 15కల్లా టీకా జనానికి అందాలని, మాట వినకపోతే తీవ్రంగా తీసుకుంటామని. ప్రయోగం ఇంకా మొదలవలేదు, ఫలితం తేదీ మాత్రం ఖాయం, అది కూడా జెండా పండగ రోజుకి! తర్వాత అది కాగితాల జాప్యం తగ్గించడానికి రాశామని సర్దుకున్నారు. 2021 జనవరి 3న అనుమతి వచ్చేనాటికి మూడో దశ ప్రయోగంలో టీకా ఎంత పనిచేస్తుందన్న లెక్కలు చేతికి రాలేదు, "క్లినికల్ ట్రయల్ మోడ్" అన్నారు, అంటే ప్రయోగంలో లాగే గమనిస్తూ వేస్తామని. ఆ నెలలో మా ఆసుపత్రిలో నేను కూడా వేసుకున్నాను, ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. టీకా సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదు, మూడో దశలో పరిశీలనలో ఉంది అని ఆ కాగితంలోనే రాసి ఉంది. టీవీలో మంత్రులు చెప్పిన దానికంటే ఆ కాగితం నిజాయితీగా ఉందనిపించింది, అందుకే సంతకం పెట్టాను. చివరికి 25,800 మంది మీద చేసిన ప్రయోగంలో 77.8 శాతం రక్షణ అని వచ్చింది, మంచి ఫలితమే. "చూశారా, చివరికి పనిచేసింది కదా, అప్పుడు ఎందుకు ప్రశ్నించారు" అని నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. కళ్ళు మూసుకుని రోడ్డు దాటినవాడు క్షేమంగా అవతలికి చేరితే, కళ్ళు మూసుకోవడం మంచి పద్ధతి అవుతుందా?

కాబట్టి మీరడిగిన పెద్ద ప్రశ్నకి నా దగ్గర ఫార్ములా లేదు గానీ, నా అలవాటు చెప్తాను. "రుజువైంది" అని ఎవరన్నా ముందు ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది పక్కన పెట్టేస్తాను, దేన్ని దేనితో పోల్చి రుజువు చేశారు అని చూస్తాను. పోలికే లేకపోతే అది రుజువు కాదు, ఎంతమంది బాగుపడ్డామని చెప్పినా సరే. పోలిక ఉంటే అప్పుడు మనుషుల వైపు చూస్తాను, ఖర్చు ఎవరు పెట్టారు, అది దాచారా ముందే చెప్పారా, ఫలితం బాలేకపోయినా ప్రచురించేవాళ్ళేనా. ఖర్చు కంపెనీదైనంత మాత్రాన అబద్ధమని తీసిపారేయను, మందుల పరిశోధన చాలావరకు కంపెనీల డబ్బుతోనే నడుస్తుంది. దాచారా అన్నదే నాకు ముఖ్యం. హెచ్‌పీవీ టీకా విషయంలో స్కాట్లాండ్, స్వీడన్ లెక్కలు కంపెనీ కూర్చిన గుంపుల మీద వచ్చినవి కాదు, ఆ దేశాల సొంత క్యాన్సర్ రిజిస్టర్ల నుంచి వచ్చినవి. మావయ్యగారికి విదేశీ కంపెనీ కుట్ర అన్న బెంగ ఉంటే, పుణేలో సీరమ్ సంస్థ తయారుచేసిన సెర్వావాక్ కూడా 2023 నుంచి దొరుకుతోంది, అది చెప్పండి.

ఇక మీ అమ్మాయి సంగతి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ కంపెనీది, ఎన్ని డోసులు, ఎంత ఎడంతో అని అడగండి. డబ్ల్యూహెచ్‌ఓ ఒక్క డోసైనా సరే అన్నా, మన పిల్లల డాక్టర్లు ఈ వయసుకి మామూలుగా ఆరు నెలల ఎడంతో రెండు డోసులు చెప్తారు. మీ పాపకి తీవ్రమైన ఎలర్జీలేమైనా ఉంటే ముందే చెప్పండి. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం రావచ్చు. ఈ టీకా వేసుకున్నాక ఈ వయసు పిల్లలు కొందరు కళ్ళు తిరిగి పడతారు, సూది భయంతో ఎక్కువ, అందుకని వేయించగానే బండెక్కించకుండా పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. టీకా వేశాం కదా అని ముప్ఫై దాటాక చేయించాల్సిన గర్భసంచి ముఖద్వారం పరీక్ష మానేయకూడదు, అది మీకు కూడా వర్తిస్తుంది, ఎప్పుడైనా చేయించుకున్నారా?

ఇంకో మాట, ఎందుకు వేస్తున్నారో పాపకి కూడా చెప్పండి. పదకొండేళ్ళ పిల్లకి క్యాన్సర్ అన్న మాట చెప్పడం కష్టమే, "పెద్దయ్యాక రాగల ఒక జబ్బు రాకుండా" అంటే చాలు, మిగతాది తనే అడుగుతుంది. మావయ్యగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఆయన అనుమానాలు డాక్టరునే అడగనివ్వండి. ఆ డాక్టరు విసుక్కుంటే మాత్రం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.